సామాన్య చెల్లింపు మార్గములచే క్రిప్టోకరెన్సీ కొనుగోలు: రుసుములు, అవరోధములు

క్రిప్టోకరెన్సీ యనునది గూఢలిపి శాస్త్రపు బలముచే రక్షింపబడుచు, ఏ ప్రభుత్వపు పూచీయు ఏ బ్యాంకు పెత్తనమును లేక, లోకమంతటను వ్యాపించియున్న కంప్యూటర్ల సముదాయముచే నడపబడు లెక్కల పుస్తకమునందలి అంకెయే గాని, చేత పట్టుకొనదగిన నాణెము కాదు. దీనిని సంపాదించుటకు మూడు దారులు కలవు: యంత్రములను రేయింబవళ్ళు నడిపి మైనింగు చేయుట యొకటి, సరకునకో సేవకో ప్రతిఫలముగా స్వీకరించుట యొకటి, రూపాయలో డాలర్లో ఇచ్చి కొనుట యొకటి. మొదటిదానికి భారీ పెట్టుబడి కావలెను, రెండవది అరుదు, కావున సామాన్యునకు మిగిలినది మూడవ దారియే. ఐనను బ్యాంకు ఖాతా, డెబిట్ కార్డు, క్రెడిట్ కార్డు, పేపాల్, యూపీఐ, నగదు మొదలగు నిత్యపరిచితములైన సాధనములతో ఈ సరకును కొనబూనినవానికి, బియ్యము కొన్నప్పుడు గాని రైలు టికెట్టు కొన్నప్పుడు గాని ఎదురుకాని చిక్కులు అడుగడుగునను ఎదురగును.

ఈ చిక్కులు పలు తెరగుల కనిపించినను వాని మూలము ఒక్కటియే. కార్డుచే చెల్లించిన సొమ్మును, ఆ చెల్లింపు తాను చేసినది కాదనియో, కొన్న వస్తువు తనకు అందలేదనియో ఖాతాదారుడు బ్యాంకునకు ఫిర్యాదు చేసినచో, సాధారణముగా 120 దినముల వరకు వెనుకకు రప్పించుకొనవచ్చును; దీనినే చార్జ్‌బ్యాక్ అందురు. అమెరికాలో ఒక బ్యాంకు ఖాతానుండి వేరొక ఖాతాకు సొమ్ము జరుపు ఏసీహెచ్ పద్ధతియందును, ఖాతాదారుని అనుమతి లేక జరిగిన వసూలును 60 దినములలోపల త్రిప్పివేయించుటకు వీలు కలదు. బిట్‌కాయిన్ అను క్రిప్టోకరెన్సీ బదిలీ యట్టిది కాదు. సుమారు పది నిమిషములకొకటి చొప్పున ఏర్పడు బ్లాకులు అను లెక్కల పుటలలో అది ఒకమారు చేరి, దానిపై మరికొన్ని బ్లాకులు పేరుకొనిన పిమ్మట, దానిని మరలింపగల అధికారి లోకమున ఎవ్వడును లేడు. మరలింపదగిన సొమ్మును పుచ్చుకొని మరలింపరాని సరకును అప్పగించు వర్తకుడు, కొన్నవాడు దొంగిలించిన కార్డుతో కొనియుండినచో, అటు సరకును ఇటు సొమ్మును కూడ పోగొట్టుకొనును. కొనుగోలుదారుడు చెల్లించు రుసుములలో పెద్ద భాగము ఈ రెండు వ్యవస్థల నడుమ నున్న కాలవ్యవధికిని అవిశ్వాసమునకును కట్టిన వెలయే. సతోషి నకమోటో యను పేర 2008 అక్టోబరు 31న వెలువడిన బిట్‌కాయిన్ మూలపత్రము తన మొదటి ప్రకరణమునందే, చెల్లింపులు మరలింపదగినవగుటచే కలుగు మధ్యవర్తిత్వపు ఖర్చు లావాదేవీల వ్యయమును పెంచుచున్నదని చెప్పి, ఆ దోషమునకు విరుగుడుగా నూతన పద్ధతిని ప్రతిపాదించెను. ఆ దోషము పద్ధతి లోపల తొలగినదే. కాని పాత సొమ్ము క్రొత్త సొమ్ముగా మారు ద్వారమువద్ద అది మరింత దట్టముగా పేరుకొనినది.

తొలినాటి కొనుగోళ్ళు

బిట్‌కాయిన్ మొదటి బ్లాకు 2009 జనవరి 3న ఏర్పడెను. ఆ సంవత్సరము అక్టోబరులో న్యూ లిబర్టీ స్టాండర్డ్ అను పేరుగల కొనుగోలు కేంద్రము, మైనింగునకు వ్యయమగు విద్యుచ్ఛక్తి ఖరీదును ఆధారముగా గొని, ఒక డాలరునకు 1,309.03 బిట్‌కాయిన్లు అని ధర ప్రకటించెను. ఆ నెలలోనే ఫిన్లాండు దేశీయుడైన మార్టి మాల్మి యను ప్రోగ్రామరు 5,050 బిట్‌కాయిన్లను 5 డాలర్ల 2 సెంట్లకు అమ్మి, ఆ సొమ్మును పేపాల్ ద్వారా పుచ్చుకొనెను. సామాన్య చెల్లింపు మార్గమున జరిగినట్లు లెక్కకు వచ్చిన మొదటి క్రయవిక్రయము ఇదియే. మోసమును గూర్చిన భయము అప్పటికి పుట్టలేదు. పోయినచో పోవునది ఐదు డాలర్లే గదా.

ధర పెరిగినకొలదియు ఆ నిశ్చింత అంతరించెను. 2010 మార్చిలో ప్రారంభమైన బిట్‌కాయిన్ మార్కెట్ అను తొలి క్రయవిక్రయ వేదిక, అనగా ఎక్స్‌ఛేంజీ పేపాల్ చెల్లింపులను అంగీకరించుచుండెడిది. 2011లో ధర ఒక్కసారిగా ఎగబ్రాకగా, సరకు చేతబడిన మరుదినమే పేపాల్‌నకు ఫిర్యాదు చేసి సొమ్ము వెనుకకు లాగుకొను మోసగాండ్రు విజృంభించిరి. ఆ సంవత్సరము జూనులో పేపాల్ మార్గము అచ్చట మూతపడెను. 2010 జులైలో జెడ్ మెక్‌కేలబ్ స్థాపించిన మౌంట్ గాక్స్ అను ఎక్స్‌ఛేంజీయు ఇదే కారణమున పేపాల్‌ను విడిచి, కోస్టారికాలోని చెల్లింపుల సంస్థయైన లిబర్టీ రిజర్వ్‌ను ఆశ్రయింపవలసివచ్చెను. అటుపై మౌంట్ గాక్స్ మార్క్ కార్పెలెస్ అనువాని చేతికి వచ్చి, టోక్యో నగరమునుండి నడచుచు, లోకమునందలి బిట్‌కాయిన్ వ్యాపారములో సింహభాగమును వహించినది. అమెరికాలోని కొనుగోలుదారులు డ్వోలా అను సంస్థద్వారా బదిలీకి పావు డాలరు రుసుముతో దానికి సొమ్ము పంపుచుండిరి.  2013 మేలో, అనుమతి లేక ద్రవ్యబదిలీ వ్యాపారము చేయుచున్నదను కారణమున అమెరికా ప్రభుత్వము మౌంట్ గాక్స్ అనుబంధ సంస్థ డ్వోలా ఖాతాను జప్తు చేసెను. అదే నెలలో లిబర్టీ రిజర్వ్‌ను సమూలముగా మూసివేసెను.

అటుపిమ్మట జరిగినది గమనింపదగినది. మౌంట్ గాక్స్ నుండి డాలర్లను బయటికి తీసికొనుట దుర్లభము కాగా, అచ్చట చిక్కుకొనిన డాలర్లతో బిట్‌కాయిన్ కొని వానిని బయటికి పంపుకొనుటకు జనులు ఎగబడిరి. ఫలితముగా ఆ ఎక్స్‌ఛేంజీలోని ధర ఇతర ఎక్స్‌ఛేంజీలలోని ధరను మించి నిలిచినది. బ్యాంకు ద్వారము మూసికొనినప్పుడు ఆ మూసివేత యొక్క వెల సరకు ధరలో కలిసి కనిపించునను సంగతి మొదట స్పష్టముగా తెలిసినది అప్పుడే. విదేశమునకు సొమ్ము పంపుటపై కట్టుబాట్లు గల దక్షిణ కొరియాలో 2018 జనవరిలో బిట్‌కాయిన్ ధర ఇతర దేశములలోని ధరకంటె 40 శాతమునకు పైగా హెచ్చుగా పలుకుటకును కారణమిదియే. మౌంట్ గాక్స్ 2014 ఫిబ్రవరిలో దివాలా తీసెను. పోయినవని అది ప్రకటించిన 8,50,000 బిట్‌కాయిన్లలో సుమారు 2,00,000 తరువాత దొరకినవి.

కార్డులు

కార్డుతో కొనుట మిక్కిలి త్వరితము, మిక్కిలి ప్రియము. 2018 ప్రారంభమున వీసా, మాస్టర్‌కార్డు వ్యవస్థలలో క్రిప్టో కొనుగోళ్ళను సాధారణ సరకుల కొనుగోలుగా గాక, నగదుతో సమానమైన వానిగా పరిగణించు వర్గీకరణ అమలులోనికి రాగా, దానివలన క్రెడిట్ కార్డుదారుపై రెండు భారములు పడినవి. ఏటీఎమ్‌లో అప్పుగా నగదు తీసికొన్నప్పుడు పడునట్టి ప్రత్యేక రుసుము పడుట యొకటి. సరకులు కొన్నప్పుడు లభించు వడ్డీలేని గడువు లేక, కొన్న దినమునుండియే వడ్డీ ప్రారంభమగుట రెండవది. ఈ మార్పును ఎరుగని పలువురు నెల తిరిగి బిల్లు వచ్చినప్పుడు గాని సంగతి గ్రహింపలేదు. 2018 ఫిబ్రవరిలో జేపీ మోర్గాన్ చేజ్, బ్యాంక్ ఆఫ్ అమెరికా, సిటీగ్రూప్ సంస్థలును, బ్రిటనులో లాయిడ్స్ బ్యాంకును తమ క్రెడిట్ కార్డులతో ఈ కొనుగోళ్ళను నిషేధించినవి. అప్పు సొమ్ముతో ఒడిదుడుకుల సరకు కొన్నవాడు ధర పడిపోయినచో అప్పు తీర్చలేడను వారి భయము నిర్హేతుకము కాదు.

చార్జ్‌బ్యాక్ ప్రమాదమును భరించుటయే వృత్తిగా గొన్న మధ్యవర్తులు కూడ ఏర్పడిరి. 2014లో ఇజ్రాయెలులో వెలసిన సింప్లెక్స్, 2019లో ప్రారంభమైన మూన్‌పే అట్టివి. కొనుగోలుదారుని కార్డునుండి వచ్చిన సొమ్ము మోసపుదని తేలినచో ఆ నష్టము ఎక్స్‌ఛేంజీపై పడకుండ మధ్యవర్తియే వహించును, దానికై 3.5 మొదలు 5 శాతము వరకు రుసుము పుచ్చుకొనును. మొత్తము ఎంత స్వల్పమైనను కొన్ని డాలర్ల కనీస రుసుము తప్పదు. ఈ రుసుమును చూచి దోపిడియని విమర్శించుట సులభము. కాని అందులో అధిక భాగము సజ్జనుడైన కొనుగోలుదారుడు తనకు తెలియని దొంగల తరఫున కట్టుచున్న బీమా ప్రీమియమని గ్రహించినచో, అది ఏల తగ్గుట లేదో బోధపడును.

ఇందుకు విపర్యయముగా, ఐరోపాలోని సేపా పద్ధతివలె ఒకమారు పంపిన సొమ్ము సులభముగా వెనుకకు రాని చోట్ల, బ్యాంకు బదిలీని ఎక్స్‌ఛేంజీలు అత్యల్ప రుసుముతోనో, అసలు రుసుము లేకయో స్వీకరించుచున్నవి. చెల్లింపు ఎంత స్థిరమైనదో రుసుము అంత తక్కువ. ఈ సూత్రమునకు ఒక పెద్ద అపవాదము భారతదేశము, దానిని ముందు చూతము.

రుసుముల అంతర్నిర్మాణము

కొనుగోలుదారునకు స్పష్టముగా కనిపించునది కమీషను. 2020 ప్రాంతమున అమెరికాలోని కాయిన్‌బేస్ సంస్థ సామాన్య కొనుగోలుపై బ్యాంకు ఖాతాద్వారా ఐనచో 1.49 శాతము, డెబిట్ కార్డుద్వారా ఐనచో 3.99 శాతము పుచ్చుకొనుచుండెడిది. ఐతే చిన్న మొత్తములకు శాతముతో నిమిత్తము లేక నిర్ణీత రుసుము ఉండెడిది: పది డాలర్ల కొనుగోలునకు 99 సెంట్లు. అనగా పదింట ఒకవంతు సొమ్ము గుమ్మము దాటకముందే తరిగిపోవును. ఉన్నంతలో కొద్దికొద్దిగా కొనిచూతమను బీదవానిపై ధనికునిపైకంటె హెచ్చు భారము మోపు ఈ ఏర్పాటు అన్యాయమైనది.

కనిపించని రుసుము స్ప్రెడ్. సంస్థ తాను సరకు తెచ్చుకొను ధరకును, తెరపై చూపు ధరకును నడుమ కొంత వ్యత్యాసము నిలుపును. ఈ వ్యత్యాసము రసీదులో ఎచ్చటను ప్రత్యేకముగా కానరాదు. 'కమీషను లేదు' అని ప్రకటించు సంస్థలలో పెక్కింటి ఆదాయము ఇట్లే వచ్చుచున్నది. దీనిని కనుగొనుటకు సులభోపాయము కలదు: ఒకే క్షణమున కొనుగోలు ధరను, అమ్మకపు ధరను రెంటిని చూచి, వాని భేదమును శాతముగా గట్టిన చాలును. అదే సంస్థలో కొనువారును అమ్మువారును స్వయముగా ధరలు పలుకుకొను ఆర్డర్ బుక్ ఉన్నచో, అచ్చట రుసుము మిక్కిలి తక్కువగా ఉండుట పరిపాటి. క్రొత్తవాడు మాత్రము పెద్ద అక్షరములతో నుండు 'కొనుము' అను మీటనే నొక్కును.

పేపాల్ 2020 అక్టోబరులో తానే క్రిప్టో అమ్మకమునకు పూనుకొనుట ఈ చరిత్రలో ఒక మలుపు. పదేండ్ల క్రిందట ఏ సంస్థ మార్గము మోసములచే మూతబడినదో ఆ సంస్థయే 100 నుండి 200 డాలర్ల కొనుగోలుపై 2 శాతము, వేయి డాలర్లు దాటినచో 1.5 శాతము పుచ్చుకొని, స్ప్రెడ్‌ను అదనముగా చేర్చి అమ్మసాగెను. ఐతే కొన్న సరకును 2022 జూను వరకు సొంత వాలెట్‌నకు పంపుకొను వీలు లేకుండెను. సరకు సంస్థ పరిధి దాటి పోలేనంతవరకు, మోసమని తేలినచో దానిని అచ్చటనే నిలిపివేయవచ్చును గదా. ఏసీహెచ్ ద్వారా కొన్నవారికి పెక్కు ఎక్స్‌ఛేంజీలు కొన్ని దినముల నిరీక్షణ విధించి, ఆ లోపల నాణెములను బయటికి పంపనీయకుండుటయు ఈ తర్కముచేతనే. డాలసులోని తెలుగు ఇంజనీరు తన ఖాతాలో నాణెములు కనబడుచున్నను వానిని కదల్పలేక వారము దినములు కాచుకొనుట సంస్థ చేయు తాత్సారము కాదు. సొమ్ము వెనుకకు మరలు గడువులో తొలి భాగమును దాటించుటయే.

నగదు యంత్రములు

నగదు మరలింపరానిది; కావున దానితో కొనుట చవుక కావలెను. జరిగినది వేరు. 2013 అక్టోబరు 29న కెనడాలోని వాంకూవరు నగరమున ఒక కాఫీ హోటలులో రోబోకాయిన్ వారి తొలి బిట్‌కాయిన్ ఏటీఎమ్ ప్రారంభమాయెను. కొనువాని అరచేతిని స్కాన్ చేసి గుర్తించుట దాని పద్ధతి. అటుపై అమెరికాలో పెట్రోలు బంకులందును, కిరాణా దుకాణములందును ఇట్టి యంత్రములు వేలకొలది వెలసినవి. స్థలపు అద్దె, నోట్ల రవాణా, లైసెన్సుల ఖర్చు, పోటీ లేమి కలిసి వీని రుసుము 10 నుండి 20 శాతము వరకును, ఒక్కొక్కచోట అంతకు మించియు పెరిగినది. బ్యాంకు ఖాతా లేనివారును, మోసగాండ్రచే ఫోనులో బెదరింపబడిన వృద్ధులును వీనిని ఆశ్రయించుట హెచ్చాయెను. 2023లో ఈ యంత్రముల ద్వారా జరిగిన మోసములవలన తాము నష్టపోయినట్లు ప్రజలు తెలిపిన మొత్తము 11 కోట్ల డాలర్లకు మించినదని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ప్రకటించినది. కాలిఫోర్నియా రాష్ట్రము 2024 జనవరినుండి ఒక మనిషికి దినమునకు వేయి డాలర్ల పరిమితియు, 2025 జనవరినుండి రుసుము 5 డాలర్లు లేదా 15 శాతము, వీనిలో ఏది హెచ్చైన దానిని మించరాదను నియమమును విధించినది. 15 శాతమునకు తగ్గించుట కూడ ఒక సంస్కరణముగా పరిగణింపవలసివచ్చినదన్న, అంతకు పూర్వపు స్థితి ఎంత దారుణమో ఊహింపవచ్చును.

బ్యాంకుల విముఖత

రుసుము ఎంతైనను ఇచ్చుటకు సిద్ధపడినవానికి సైతము బ్యాంకు అడ్డుపడుట మరియొక విధమైన చిక్కు. 2023 మార్చిలో అమెరికాలో సిల్వర్‌గేట్, సిగ్నేచర్ బ్యాంకులు మూతపడుటతో, రేయింబవళ్ళు డాలర్లు జరుపుకొనుటకు ఎక్స్‌ఛేంజీలకు ఆధారముగా నుండిన రెండు మార్గములు దెబ్బతినినవి. బ్రిటనులో కొన్ని బ్యాంకులు దినసరి పరిమితులు విధించినవి. 2023 అక్టోబరు 8 నుండి అచ్చటి నియంత్రణ సంస్థ క్రొత్త కొనుగోలుదారునకు 24 గంటల పునరాలోచన వ్యవధిని తప్పనిసరి చేసినది. నైజీరియా కేంద్ర బ్యాంకు 2021 ఫిబ్రవరిలో బ్యాంకుల ద్వారములు మూయగా, వ్యాపారము ఆగిపోలేదు. వ్యక్తినుండి వ్యక్తికి జరుగు బేరములలోనికి తరలిపోయినది. 2023 డిసెంబరులో ఆ నిషేధము సడలింపబడినది.

భారతదేశము

రూపాయలతో క్రిప్టో కొనుట భారతదేశమున సాంకేతికముగా లోకమున అన్నింటికంటె సులభము కావలసినది. 2016లో ప్రారంభమైన యూపీఐ క్షణములో సొమ్ము చేరవేయును. 2020 జనవరినుండి దానిపై వర్తకునివద్ద వసూలుచేయు రుసుము సున్న. నెఫ్ట్ 2019 డిసెంబరునుండి, ఆర్‌టీజీఎస్ 2020 డిసెంబరునుండి రేయింబవళ్ళు పనిచేయుచున్నవి. ఇన్ని సౌకర్యములున్నను మన దేశమున అడ్డు నిలిచినది రుసుము కాదు, అనుమతి.

రిజర్వు బ్యాంకు 2013 డిసెంబరు 24న మొదటి హెచ్చరికను ప్రకటించి, 2018 ఏప్రిల్ 6న, తన నియంత్రణలోని బ్యాంకులు, ఇతర సంస్థలు క్రిప్టో వ్యాపారులకు ఏ సేవయు అందింపరాదనియు, ఉన్న సంబంధములను మూడు నెలలలో త్రెంచుకొనవలెననియు ఆదేశించెను. క్రిప్టోను ప్రభుత్వము నిషేధించినది కాదు. కాని దానిని కొనుటకు రూపాయలు పంపు మార్గము లేకుండ పోయినది. జెబ్‌పే అను సంస్థ అదే సంవత్సరము సెప్టెంబరులో భారతదేశమున తన ఎక్స్‌ఛేంజీని మూసివేసెను. వజీర్ఎక్స్ వంటి సంస్థలు, కొనువానిని అమ్మువానిని జతపరచి, రూపాయలు వారి ఖాతాల నడుమనే నేరుగా మారునట్లు పీటూపీ పద్ధతిని కల్పించినవి. బెంగుళూరులో యూనోకాయిన్ సంస్థ 2018 అక్టోబరులో కెంప్ ఫోర్ట్ మాల్‌లో ఒక యంత్రమును నెలకొల్పెను. బ్యాంకు తోడ్పాటు లేకయే ఖాతాదారులు రూపాయల నోట్లు అందులో జమచేయుటకును, తీసికొనుటకును అది ఉద్దేశింపబడినది. కొలది దినములలోనే పోలీసులు ఆ యంత్రమును స్వాధీనము చేసికొని, సంస్థ సహ వ్యవస్థాపకులను అరెస్టు చేసిరి.

2020 మార్చి 4న సుప్రీంకోర్టు, న్యాయమూర్తులు రోహింటన్ నారిమన్, అనిరుద్ధ బోస్, వి. రామసుబ్రమణియన్ గల ధర్మాసనము ద్వారా, రిజర్వు బ్యాంకునకు అధికారము లేదని గాక, ఆ చర్య నివారింపదలచిన హానికి తగిన పాళ్ళలో లేదను కారణమున ఆ ఆదేశమును కొట్టివేసినది. ఐనను బ్యాంకులు వెంటనే ద్వారములు తెరువలేదు. కొన్ని బ్యాంకులు కొట్టివేయబడిన ఆ ఆదేశమునే పేర్కొని ఖాతాదారులను హెచ్చరించుచుండగా, అట్లు పేర్కొనుట తగదని రిజర్వు బ్యాంకే 2021 మే 31న ప్రకటింపవలసివచ్చినది. 2022 ఏప్రిల్ 7న కాయిన్‌బేస్ బెంగుళూరులో ఆర్భాటముగా తన సేవను ప్రారంభించి యూపీఐ ద్వారా కొనవచ్చునని చాటగా, యూపీఐని నిర్వహించు జాతీయ చెల్లింపుల సంస్థ ఆ దినముననే, ఏ క్రిప్టో ఎక్స్‌ఛేంజీయు యూపీఐని వాడుచున్నట్లు తాము ఎరుగమని ప్రకటించినది. కొలది దినములకే ఆ మార్గము మూతపడెను. రిజర్వు బ్యాంకు అనధికారికమైన ఒత్తిడియే దీనికి కారణమని కాయిన్‌బేస్ అధిపతి బ్రయన్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనంతరము చెప్పెను. చట్టము నిషేధింపని పనికి వ్రాతపూర్వకమైన నిషేధము లేకయే దారి మూతపడుట పౌరునకు కలుగు చిక్కులలో విషమమైనది. నిషేధమైనచో న్యాయస్థానమున ప్రశ్నింపవచ్చును, మౌనమును ప్రశ్నించుట యెట్లు?

పన్నులు ఈ భారమును మరింత పెంచినవి. 2022 ఏప్రిల్ 1 నుండి క్రిప్టో లాభముపై 30 శాతము పన్ను, దానిపై సెస్సు విధింపబడుచున్నవి; కొన్న ధర తప్ప మరి ఏ ఖర్చును తగ్గించుకొనుటకు వీలు లేదు; ఒక నాణెముపై వచ్చిన నష్టమును మరియొకదానిపై వచ్చిన లాభమునకు సర్దుకొనరాదు. అదే సంవత్సరము జులై 1 నుండి, చట్టము చెప్పిన పరిమితి దాటినచో, అమ్మకపు మొత్తముపై 1 శాతము టీడీఎస్ పట్టుకొనబడుచున్నది. ఎక్స్‌ఛేంజీ కమీషనుపై 18 శాతము జీఎస్టీ కలదు.

ఈ అంకెలన్నియు కలిసినప్పుడు ఏమగునో లెక్క కట్టి చూడవలెను. ఒకడు లక్ష రూపాయలు జమచేసి, కమీషను అర శాతము, స్ప్రెడ్ ఇరువైపుల ఒక్కొక్క శాతము గల చోట కొన్నాడనుకొందము. కమీషను 500 రూపాయలు, దానిపై జీఎస్టీ 90 రూపాయలు పోగా 99,410 రూపాయలకు ఒక శాతము హెచ్చు ధరకు కొన్నప్పుడు, అతనికి లభించు సరకు అసలు విలువ సుమారు 98,426 రూపాయలు. ధర ఇసుమంతయు మారకముందే, మనసు మార్చుకొని మరుక్షణముననే అమ్మివేసినచో, ఒక శాతము తక్కువ ధరకు 97,441 రూపాయలు వచ్చును. అందులో కమీషను, జీఎస్టీ కలిసి 575 రూపాయలు, టీడీఎస్ సుమారు 969 రూపాయలు పోవును. చేతికి వచ్చునది 95,898 రూపాయలు. టీడీఎస్ ఆదాయపు పన్ను రిటర్నులో సర్దుబాటు కాగలదు గాని, మిగిలిన 3,133 రూపాయలు తిరిగి రావు. ఇందులో కంటికి కనిపించిన కమీషను రెండువైపులను కలిపి వేయి రూపాయలకు లోపు. కనిపించని స్ప్రెడ్ రెండువేలకు సమీపము. ధర కనీసము మూడు శాతమునకు పైగా పెరిగిన తరువాతనే కొన్నవాడు బయలుదేరిన చోటికి వచ్చును.

గుర్తింపు పరీక్ష కూడ ప్రవేశరుసుము వంటిదే. 2023 మార్చి 7 నాటి ప్రకటనచే ఎక్స్‌ఛేంజీలు మనీలాండరింగ్ నిరోధక చట్టపు పరిధిలోనికి వచ్చి, ఆర్థిక నిఘా విభాగమున నమోదు కావలసినవైనవి. అట్లు నమోదు కాని తొమ్మిది విదేశీ సంస్థలకు ఆ సంవత్సరము డిసెంబరులో తాఖీదులు పంపబడినవి. 2024 జనవరిలో వాని వెబ్‌సైట్లు భారతదేశమున అడ్డగింపబడినవి. కొనువాడు పాన్ కార్డు, చిరునామా ఆధారము, సెల్ఫీ ఇచ్చి, తన పేరుననే యున్న బ్యాంకు ఖాతాను జతపరుపవలెను. పాన్ కార్డులో ఇంటిపేరు పొట్టి అక్షరముగాను, బ్యాంకు పుస్తకమున పూర్తిగాను ఉండుట తెలుగువారికి సర్వసాధారణము కనుక, పేర్లు సరిపోలలేదని దరఖాస్తు తిరుగగొట్టబడుట మనవారికి తరచుగా ఎదురగు చిక్కు. భార్య ఖాతానుండియో, అన్న ఖాతానుండియో సొమ్ము పంపినచో అంగీకరింపబడదు.

వ్యక్తినుండి వ్యక్తికి

బ్యాంకు మార్గములు ఇరుకైనకొలదియు పీటూపీ బేరములు పెరుగుచు వచ్చినవి. హెల్సింకిలో 2012లో ప్రారంభమై 2023లో మూతపడిన లోకల్‌బిట్‌కాయిన్స్ దీనికి మార్గదర్శి. అమ్మువాని నాణెములను సంస్థ ఎస్క్రోలో బిగించి పట్టును. కొనువాడు సొమ్మును నేరుగా అమ్మువాని ఖాతాకు పంపును. ముట్టినదని అమ్మువాడు ధ్రువపరుపగా నాణెములు విడుదలయగును. సంస్థ రుసుము స్వల్పము. కాని అమ్మువాడు ధరను మార్కెట్టు ధరపై కొన్ని శాతములు పెంచి చెప్పును. చెల్లింపు పంపునపుడు రిమార్కులలో 'క్రిప్టో' యనియో 'బిట్‌కాయిన్' అనియో వ్రాయవలదని అమ్మువారు ముందుగనే షరతు పెట్టుట మన దేశమున వాడుక. బ్యాంకు కంటబడినచో ఖాతాయే మూతపడునను భయము దీనికి మూలము.

ఈ బేరములలో అసలైన ప్రమాదము అమ్మువాని తలపై వ్రేలాడుచుండును, దాని వెలయే కొనువాని ధరలో చేరును. సైబరు మోసములో పోయిన సొమ్ము చేతులు మారి, చివరకు నాణెములు కొనుటకు వినియోగింపబడినచో, బాధితుడు 1930 నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు చేసినంతనే, ఆ సొమ్ము చేరిన ప్రతి ఖాతాపైనను వరుసగా నిలుపుదల పడును. ఏమియు ఎరుగక విశాఖపట్టణమున కూర్చుండి నాణెములు అమ్మినవాని ఖాతా, తానెన్నడును చూడని వేరొక రాష్ట్రపు పోలీసుల కోరికపై స్తంభించును. యూపీఐ చెల్లింపు మరలింపరానిదని నమ్మి అతడు సరకు అప్పగించెను. ఆ చెల్లింపు పోలీసుల తాఖీదుతో మరలింపదగినదాయెను. సరకు మాత్రము తిరిగి రాదు. జీతము పడు ఖాతాయే ఇట్లు నిలిచిపోయి, ఇంటి వాయిదాలు తప్పి, దర్యాప్తు అధికారికి చాట్ ప్రతులు, ఆర్డరు నంబరులు, ఎదుటివాని గుర్తింపు పత్రములు సమర్పించుచు నెలల తరబడి తిరిగినవారు కలరు. అందుచే అనుభవజ్ఞులు ఈ బేరములకు వేరుగా ఒక ఖాతాను ఉంచుకొని, ఎదుటివాని బ్యాంకు ఖాతా పేరు ఎక్స్‌ఛేంజీలోని పేరుతో సరిపోలినప్పుడే సరకు విడుదల చేయుదురు.

వాలెట్‌నకు తరలింపు

కొన్న నాణెములు ఎక్స్‌ఛేంజీ పుస్తకములో ఉన్నంతవరకు కొనుగోలు సగమే పూర్తియైనట్లు. సొంత వాలెట్‌నకు పంపుకొనుటకు నెట్‌వర్కు రుసుము చెల్లింపవలెను. బిట్‌కాయిన్‌లో ఇది పంపు మొత్తమునుబట్టి గాక, బదిలీ సమాచారము బ్లాకులో ఆక్రమించు స్థలమునుబట్టి యుండును. కావున కోటి రూపాయలు పంపినను వేయి రూపాయలు పంపినను ఖర్చు సమానము కావచ్చును. 2017 డిసెంబరు రద్దీలో సగటు రుసుము 50 డాలర్లు దాటినది. మైనింగు ప్రతిఫలము సగమైన 2024 ఏప్రిల్ 20న అది 100 డాలర్లకు మించినది. అట్టి దినములలో ఇరువది డాలర్ల నాణెము కొన్నవాడు దానిని కదల్పలేడు. టెథర్ వంటి నాణెములను పలు నెట్‌వర్కులపై పంపవచ్చును కనుక, చవుకయైనదానిని ఎన్నుకొనుట వాడుక. ఐతే గమ్యస్థానమున ఆ నెట్‌వర్కు అంగీకరింపబడనిచో ఆ సొమ్మును వెలికి తీయుట మిక్కిలి కష్టము, పెక్కుమార్లు అసాధ్యము. కొన్ని భారతీయ సంస్థలు బయటికి పంపుటకు అసలు అనుమతింపవు. 2024 జులై 18న వజీర్ఎక్స్ వాలెట్‌నుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల నాణెములు అపహరింపబడగా ఆ సంస్థ ఉపసంహరణలను నిలిపివేసినది. అందులో నాణెములు ఉంచుకొన్నవారు సింగపూరు న్యాయస్థానము ఆమోదించిన పునర్వ్యవస్థీకరణ ప్రణాళిక అమలులోనికి వచ్చి, 2025 అక్టోబరులో వ్యాపారము పునఃప్రారంభమగువరకు, అనగా ఒక సంవత్సరమునకు పైగా, నిరీక్షింపవలసివచ్చినది.